ఆ 2/5 ఎలా వచ్చింది?

ఫిన్లండ్‌లోని యువాస్కులా పట్టణం నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. వయసు 23. గణితం మెథడాలజీతో బీఎడ్ రెండో సంవత్సరం. ఇక్కడి విశ్వవిద్యాలయానికీ అక్కడి విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న విద్యార్థుల మార్పిడి ఒప్పందం కింద జనవరిలో ఒక సెమిస్టర్ చదవడానికి వెళ్లారు. జూన్ మొదటి వారంలో తిరుగు ప్రయాణం. తండ్రి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ (చిన్న తరగతుల టీచరు), 28 ఏళ్ల సర్వీసు. ఒకటి నుంచి అయిదు దాకా ఈమె చదివింది ఆయన దగ్గరే. "బడిలో సార్ అనాలి, ఇంట్లో నాన్నా అనాలి. ఒకసారి బడిలో నోరు జారి నాన్నా అన్నందుకు క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వలేదు" అని రాశారు.

మార్చిలో ఆమె అక్కడి శిక్షణ పాఠశాలలో అయిదో తరగతికి మొదటి పాఠం చెప్పారు. పద్దెనిమిది మంది పిల్లలు, మేజోళ్లతో తిరుగుతున్నారు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పుతారట. భిన్నాల కూడిక. బోర్డు మీద 1/2 + 1/3 రాసి, క.సా.గు. తీసి, 5/6 అని ముత్యాల్లాంటి అక్షరాలతో చూపించారు. పిల్లలు రాసుకున్నారు. ఒక అబ్బాయి మాత్రం 2/5 అన్నాడు. "తప్పు" అని నవ్వుతూనే చెప్పి, అది తుడిచేసి ముందుకు సాగారు. పాఠం అయ్యాక, వెనక కూర్చుని చూసిన మార్గదర్శక ఉపాధ్యాయురాలు లెసన్ ప్లాన్ గురించిగానీ బోర్డు రాత గురించిగానీ ఒక్క మాట అనలేదు. ఒకటే అడిగారు: "ఆ అబ్బాయికి 2/5 ఎలా వచ్చింది?" ఈమె దగ్గర జవాబు లేదు.

గదికి వెళ్లాక ఒక పాత సంగతి గుర్తొచ్చింది. తన అయిదో తరగతిలో, పక్కన కూర్చునే పిల్ల పలక మీద ఇదే 2/5 రాసింది. నాన్న ఆ పిల్ల చెంప మీద కొట్టారు. ఆ పిల్ల ఆరో తరగతికి హైస్కూలుకు రాలేదు. ఆ ఒక్క దెబ్బ వల్లే అని ఈమె అనడం లేదు, కానీ ఆ రాత్రి రెండూ కలిసిపోయాయి. వెంటనే ఇంటికి ఫోన్ చేశారు. "నాన్నా, 28 ఏళ్లలో ఒక్కసారైనా ఏ పిల్లనైనా ఇది ఎలా వచ్చిందని అడిగారా? మీరు చెప్పింది చదువేనా?" అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఫోను అమ్మ చేతిలోకి వెళ్లింది. మూడు వారాలైంది, ఆయన ఫోను దగ్గరకు రావడం లేదు.

ఇది చాలదన్నట్టు కాలేజీ కార్యాలయం నుంచి ఒక మెయిల్: అక్కడ చేసిన ఆరు వారాల బోధనాభ్యాసం ఇక్కడి ఇంటర్న్‌షిప్ కింద చెల్లదు, తిరిగి వచ్చి మొత్తం చేయాలి. అంటే తన బ్యాచ్ డిగ్రీ పట్టాలు తీసుకునేటప్పుడు తాను ఇంకా ఏదో హైస్కూల్లో రికార్డులు రాస్తూ ఉంటుంది. మరోవైపు అక్కడే మాస్టర్స్ చేయమని స్నేహితులు అంటున్నారు. "తిరిగి వస్తే ఇక్కడ చూసినదేదీ పనికిరాదు. అరవై మంది పిల్లలు, సిలబస్, డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష). ఇక్కడే ఉండిపోతే నాన్నకు భయపడి పారిపోయినట్టు. ఈ నెలలోనే తేల్చుకోవాలి. ఏం చేయను?" అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ మీద కొంచెం కోపం వచ్చిన మాట దాచను. నేను టీచర్లను తయారుచేసే జిల్లా శిక్షణ సంస్థ డైట్‌లో ఇరవై ఏళ్లకు పైగా గణిత బోధన చెప్పి రిటైరైన మనిషిని. మీ నాన్నగారి వంటి వాళ్లే నా విద్యార్థులు. రెండోసారి చదివినప్పుడు నా చేతి కింద పడిన పిల్లలు గుర్తొచ్చారు. డైట్‌కు రాకముందు బడిలో పనిచేసిన రోజుల్లో నేనూ కొట్టాను. ఇది తెలిశాక కూడా నా మాట వినాలనిపిస్తే వినండి.

మీరు మూడు విషయాలను ఒకే మూటలో కట్టారు. నాన్నగారితో మాట ఒకటి, కాలేజీ లెక్క ఒకటి, ఎక్కడ బతకాలన్నది ఒకటి. ఈ నెలలోనే తేలవలసింది వీటిలో ఒక్కటే, అదీ మీరనుకుంటున్నది కాదు.

ముందుగా మాస్టర్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే అది చిన్నది. ఫిన్లండ్ విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిష్‌లో సాగే డిగ్రీలకు ప్రధానమైన దరఖాస్తుల గడువు ఏటా జనవరిలో ఉంటుంది. చదువు ఆ ఆగస్టులో గానీ సెప్టెంబరులో గానీ మొదలవుతుంది. అంటే ఈ ఏటి తలుపు మీరు అక్కడ దిగిన నెలలోనే మూసుకుంది. వచ్చే జనవరిలో దరఖాస్తు చేస్తే ఆ పై శరత్కాలంలో చదువు. ఈ నెలలో మీరు తేల్చుకోగలిగింది ఏమీ లేదు. రెండో సంగతి డబ్బు. మార్పిడి విద్యార్థిగా మీరు అక్కడ ఫీజు కట్టడం లేదు కాబట్టి ఇది మీ కంట పడి ఉండదు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి డిగ్రీ చేయడానికి వచ్చేవాళ్ల దగ్గర 2017 నుంచి ఫీజు తీసుకుంటున్నారు. ఎక్కువ చోట్ల అది ఏడాదికి వేల యూరోల్లోనే ఉంటుంది. ఉపకార వేతనాలు ఉన్నాయి, పోటీ కూడా ఉంది. మూడోది మీ స్నేహితులు చెప్పి ఉండరు: విద్యాశాస్త్రంలో ఇంగ్లిష్ మాస్టర్స్ చేసినంత మాత్రాన ఆ మేజోళ్ల పిల్లల ముందు టీచరుగా నిలబడలేరు. అక్కడి బడిలో ఉద్యోగానికి ఉపాధ్యాయ అర్హతను వాళ్లు గుర్తించాలి, ఫిన్నిష్ గానీ స్వీడిష్ గానీ బాగా రావాలి. ఫిన్నిష్‌లో పదిహేను విభక్తులు. నేర్చుకోలేరని కాదు, సంవత్సరాలు పడుతుందని చెబుతున్నాను. పరిశోధన మీద మనసుంటే మాస్టర్స్ మంచిదే. పిల్లలకు పాఠం చెప్పడం మీద మనసుంటే ఆ దారి చుట్టుతిరుగుడు. మీ ఉత్తరం నాలుగు పేజీల్లో పరిశోధన అనే మాట ఒక్కసారి కూడా లేదు.

ఇక కాలేజీ. ఇక్కడ తొందర నిజమే. ఉపాధ్యాయ విద్యను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఎడ్‌లో పాఠశాలతో పని ఇరవై వారాలు, అందులో కనీసం పదహారు వారాలు ఇంటర్న్‌షిప్. కార్యాలయం వాళ్లు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల మీద మీకున్న చిరాకు అర్థమైంది, కానీ ఆరు వారాలను పదహారు చేయమంటే ఎవరి వల్లా కాదు. మీరు చేయవలసింది వేరు. బయలుదేరే ముందు మీరూ, ఇక్కడివాళ్లూ, అక్కడివాళ్లూ ముగ్గురూ సంతకం పెట్టిన చదువు ఒప్పందం కాగితం ఒకటి ఉండాలి. లర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. అక్కడి ఏ కోర్సు ఇక్కడ దేనికి బదులన్నది అందులో ఉంటుంది. బోధనాభ్యాసం అందులో ఉంటే, ఆరు వారాలను పదహారులోంచి తీసేయమని అడిగే హక్కు మీకుంది. మెయిల్లో వాదించకండి. మీ విభాగాధిపతి పేరుతో, ఆ కాగితం జతచేసి, ఒక పేజీ దరఖాస్తు రాయండి. అది అందులో లేకపోతే పోట్లాడి లాభం లేదు. తర్వాతి బ్యాచ్‌తో పదహారు వారాలు చేయడమే దారి. మిగిలిన థియరీ కోర్సుల క్రెడిట్లయినా పోకుండా చూసుకోండి.

ఈ దారిలో డిగ్రీ ఆరు నెలలో, ఏడాదో వెనకబడుతుంది. ఆ మధ్యలో డీఎస్సీ ప్రకటన పడితే పట్టా లేక ఆగిపోవచ్చు. ఇది చిన్న నష్టం కాదు, మన దగ్గర డీఎస్సీ ఎప్పుడు పడుతుందో పంచాంగం కూడా చెప్పదు. టీచరు అర్హత పరీక్ష టెట్‌కు ఆ చిక్కు తక్కువ, చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లను కూడా రాయనిస్తున్నారు, ఒకసారి అర్హత వస్తే అది జీవితకాలం చెల్లుతుంది. ఈ ఖాళీలో అది రాసుకోవచ్చు.

ఇంకొకటి. ఉత్తరంలో ఒకచోట "నాన్న కూర్చున్న కుర్చీలో, చిన్నపిల్లల దగ్గర" అని రాశారు. బీఎడ్‌తో ఆ కుర్చీ దొరకదు. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది. ఎస్జీటీకి ప్రాథమిక విద్యలో డిప్లొమా, అంటే డీఎల్‌ఎడ్ కావాలి. మీకు తెరిచి ఉన్నది స్కూల్ అసిస్టెంట్ పోస్టు, హైస్కూలు పిల్లలు. ఆరో తరగతికి వచ్చే పిల్లల్లో భిన్నాలు రానివాళ్లు కొల్లలు కాబట్టి మీకు పనిలేకుండా పోదు. కానీ మనసు నిజంగా అయిదో తరగతి మీదే ఉంటే ఆ సంగతి ఇప్పుడే తెలియాలి.

"అక్కడ చూసినదేదీ ఇక్కడ పనికిరాదు" అన్నారు. కొంత నిజం. ప్రతి పాఠం తర్వాత పదిహేను నిమిషాలు మంచులోకి వదిలే విరామం మీ చేతిలో ఉండదు. పద్దెనిమిది మంది పిల్లల తరగతీ మీ చేతిలో ఉండదు. కానీ మీరు దేన్ని చూసి ముగ్ధులయ్యారో అది ఒక్కరోజులో వచ్చింది కాదు. మీరున్న ఆ ఊళ్లోనే 1863లో ఫిన్నిష్ భాషలో మొట్టమొదటి ఉపాధ్యాయ శిక్షణాలయం పెట్టారు. పెట్టిన ఊనో సిగ్నేయస్ అంతకుముందు స్వీడన్, జర్మనీ, స్విట్జర్లాండ్ బడులు తిరిగి చూసి వచ్చినవాడే. అంటే ఆయనా మీలాంటి విద్యార్థే అనుకోండి. దేశమంతా ఒకే రకం తొమ్మిదేళ్ల బడి వాళ్లకు 1970లలో గానీ రాలేదు, అదీ ఉత్తరాన లాప్లాండ్ నుంచి మొదలుపెట్టి, రాజధాని ప్రాంతానికి 1977లో చేరింది. తరగతి టీచరుకు మాస్టర్స్ ఉండాలన్నది 1979 నుంచి. పర్యవేక్షణాధికారులు వచ్చి బడులు తనిఖీ చేసే పద్ధతి 1990ల మొదట్లో పోయింది. మీ నాన్నగారు ఉద్యోగంలో చేరడానికి కొన్నేళ్ల ముందు మాట ఇది. అక్కడా పిల్లల్ని కొట్టినవాళ్లే. ఇంట్లో కూడా కొట్టకూడదని 1983లో చట్టం చేసుకున్నారు. అక్కడ అంతా బంగారం అని కూడా అనుకోకండి. పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో పెట్టే పీసా పరీక్షలో వాళ్ల గణితం 2006లో 548 ఉంటే 2022లో 484కు దిగింది. ఎందుకన్నది వాళ్లే తలలు పట్టుకుని ఆలోచిస్తున్నారు.

ఇప్పుడు మీ నాన్నగారి 28 ఏళ్లు. ఎన్నేళ్లు ఆయన ఒక్కరే రెండు మూడు తరగతులను ఒకే గదిలో పెట్టుకుని చెప్పారో మీకు నాకంటే బాగా తెలుసు, మీరా గదిలోనే ఉన్నారు. 2003లో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు బియ్యం లెక్క ఆయనదే. జనగణన, ఎన్నికల పని. మీరు చూసిన ఉపాధ్యాయురాలు ఒక్క పాఠం వెనక కూర్చుని, తర్వాత మీతో గంట మాట్లాడగలిగారు. మీ నాన్నగారి పాఠం వెనక ఎవరైనా ఒక్కసారి అలా కూర్చున్నారా? మండల విద్యాధికారి (ఎంఈవో) వచ్చి ఉంటారు, హాజరు పట్టీ అడిగి ఉంటారు. మేము డైట్ వాళ్లం కూడా అంతకంటే గొప్పగా ఏమీ చేయలేదు. ఆయన్ను అడగని ప్రశ్న ఆయన పిల్లల్ని అడగలేదు.

అయినా ఆ చెంపదెబ్బ తప్పే. అప్పటికి విద్యాహక్కు చట్టం వచ్చే ఉంటుంది, రాకపోయినా తప్పే. మీ మనసులో అది ఇన్నేళ్లు ఉండిపోయిందంటే, దాన్ని కాదనుకుని "మా నాన్న దేవుడు" అని మళ్లీ మొదలుపెట్టమని నేను చెప్పను. కానీ ఆ మాట ఎదురుగా కూర్చుని, ఇంట్లో, పగటిపూట మాట్లాడవలసింది. మీరు ఫోన్ చేసింది అక్కడ రాత్రి ఎనిమిదికి. మార్చిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, అంటే ఇక్కడ పదకొండున్నర. ఆయన్ను నిద్రలేపి, 28 ఏళ్ల ఉద్యోగానికి సంజాయిషీ అడిగారు.

ఆయనతో ఏం చేయవచ్చు? క్షమించమని అడగవచ్చు. ఆయన "సరేలేమ్మా" అంటారు, ఫోను మళ్లీ అమ్మకు వెళుతుంది, ఆ సంగతి ఇంక ఎవరూ ఎత్తరు. చాలా ఇళ్లలో ఇలాగే గడిచిపోతుంది, పెద్ద ప్రమాదమేమీ లేదు. జూన్ దాకా ఊరుకుని వచ్చాక చూసుకోవచ్చు. ఆ మౌనం అప్పటికి ముదురుతుంది, మధ్యలో మీ అమ్మగారు ఇద్దరి మాటలూ మోస్తూ ఉంటారు. మూడోది కొంచెం కష్టం. దానికి ముందు మీకు ఒక పాఠం మిగిలి ఉంది. అది ఇప్పుడు చేద్దాం.

2/5 ఎలా వచ్చింది? పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడాడు. ఇది మీకు తెలుసు. అలా ఎందుకు కూడాలనిపించింది? ఒక బుట్టలో రెండు మామిడికాయలున్నాయి, ఒకటి పండింది. ఇంకో బుట్టలో మూడున్నాయి, ఒకటి పండింది. రెండు బుట్టలూ ఒకచోట కుమ్మరిస్తే అయిదింట్లో రెండు పండ్లు. 2/5! వాడి లెక్క బుట్టలకు సరిగ్గా సరిపోయింది. మీరు అడిగింది రొట్టె ముక్కల లెక్క, వాడు చెప్పింది మామిడికాయల లెక్క. ఒకే అంకెలు, వేర్వేరు ప్రశ్నలు. ఇది చెప్పకుండా "తప్పు" అంటే, తనకు కనబడ్డ నిజాన్ని తన కళ్లముందే తుడిచేసినట్టు వాడికి అనిపిస్తుంది. అలాంటప్పుడు నేనైతే ఒక రొట్టె తెచ్చి సగం చేతిలో పెట్టి అడుగుతాను: "సగం నీ దగ్గరుంది. ఇంకో ముక్క ఇస్తున్నాను. ఇప్పుడు నీ దగ్గర సగం కంటే ఎక్కువుందా, తక్కువుందా?" ఎక్కువ అంటాడు. "మరి 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?" అయిదు ముక్కల్లో రెండంటే సగం కంటే తక్కువ. వాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం కోసమే మనం బడికి వెళ్లేది. క.సా.గు. ఆ తర్వాత రావాలి, అప్పుడు అది వాడికి అవసరమై వస్తుంది.

దీనికి మంచు అక్కర్లేదు, మేజోళ్లు అక్కర్లేదు. అరవై మందిలోనైనా రోజుకు ఒక్క పిల్లను ఇలా అడగవచ్చు.

నేను చెబుతున్న మూడోది: ఈ ఆదివారం, మనకు ఉదయం పది గంటలప్పుడు ఫోన్ చేయండి. ఈ ఏప్రిల్లో తేడా రెండున్నర గంటలే, మీకు ఏడున్నర అవుతుంది. అమ్మతో "నాన్నకు లెక్కల్లో ఒక సందేహం ఉందని చెప్పు" అనండి. ఆయన రాకపోవచ్చు. వస్తే, క్షమాపణ మాట ఒక్క వాక్యంలో ముగించి, నా పాఠం పాడైందని చెప్పండి. పద్దెనిమిది మంది ముందు ఒక పిల్లవాడి 2/5 తుడిచేశానని, ఫోనులో ఆయన్ను నిలదీసిన తప్పే నేనూ చేశానని చెప్పండి. ఇది ఆయనకు తెలియదు కదా, మీరు ఆయన తప్పు మాత్రమే చెప్పారు. ఆ తర్వాత అడగండి: 1/2 + 1/3కి పిల్లలు ఇంకా ఏమేం రాస్తారు? 28 ఏళ్లు అయిదో తరగతి దిద్దిన మనిషికి తెలిసిన తప్పులు మీ మార్గదర్శక ఉపాధ్యాయురాలికి కూడా తెలియకపోవచ్చు. ఆయన చెబుతుంటే కాగితం మీద రాసుకోండి.

కాలేజీ దరఖాస్తు మాత్రం ఆదివారం దాకా ఆపకండి. అక్కడ మే నెలాఖరుకో జూన్ మొదట్లోనో బడులు మూసేస్తారు, విశ్వవిద్యాలయ కార్యాలయాలూ ఖాళీ అవుతాయి. ఎన్ని గంటలు బోధించారో, ఏ తరగతికో ఉపాధ్యాయురాలి సంతకంతో ఒక కాగితం, క్రెడిట్ల పట్టిక ఒకటి మే మధ్యలోనే చేతికి తెచ్చుకోండి.